బ్యాంకు ఉద్యోగం పోతే ఏ ఖజానాకు ఎంత పోతుంది: నానక్‌రామ్‌గూడ నుంచి ఒక కేసు

బ్యాంకుల్లో ఉద్యోగాల కోత వార్త వచ్చినప్పుడల్లా ఒకే రకం లెక్క చెవిన పడుతుంది. ఇంతమంది జీతాలు ఆగిపోయాయి, ఆ జీతాల మీద ఇంత పన్ను వచ్చేది, కాబట్టి ప్రభుత్వానికి అంత నష్టం. 2023లో క్రెడిట్ స్వీస్‌ను యూబీఎస్ కలుపుకున్నప్పుడూ, 2024 జనవరిలో సిటీ గ్రూప్ 20 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించినప్పుడూ హైదరాబాద్‌లో చాలామంది ఇలాగే లెక్కలు వేసుకున్నారు. విదేశీ బ్యాంకుల వెనకపనంతా చేసే సెంటర్లు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం చుట్టూ ఉన్నాయి మరి. ఆ ఆఫీసుల్లో జీతం తీసుకునేవాళ్ల రిటర్నులు వేసే మాలాంటి చార్టర్డ్ అకౌంటెంట్లకు ఇది పేపర్లో చదివి పక్కన పెట్టే వార్త కాదు.

ఒక ఉద్యోగం పోయినప్పుడు ఏ ప్రభుత్వానికి, ఏ ఏడాదిలో, ఎంత తగ్గిందో ఒక్క మనిషి కాగితాలు పట్టుకుని చివరిదాకా చూస్తే ఆ లెక్క చాలా మారిపోతుంది. కేంద్రానికి మొదటి ఏడాది పన్ను పెరిగింది, రెండో ఏడాది పడిపోయింది. రాష్ట్రానికి మాత్రం మొదటి నెల నుంచే నష్టం మొదలైంది. పైగా ఆ నష్టం జీతం స్లిప్పులో కనపడదు. ఈ కేసు రాయడానికి కారణం అదే. క్లయింట్ అనుమతి తీసుకున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చి, అంకెలను దగ్గరి గుండ్రని సంఖ్యకు సర్దాను. సెక్షన్ల నంబర్లన్నీ 2024-25, 2025-26 ఏళ్లకు వర్తించిన 1961 ఆదాయపు పన్ను చట్టానివి.

కేసు వివరాలు

క్లయింట్‌ది ఖమ్మం వైపు. వయసు నలభైకి దగ్గర. ఒక విదేశీ బ్యాంకుకు నానక్‌రామ్‌గూడలో ఉన్న సొంత సెంటర్‌లో రిస్క్ రిపోర్టింగ్ టీమ్‌లో ఎనిమిదేళ్లు పనిచేశారు. నెలకు 2,50,000, ఏడాదికి 30 లక్షల జీతం. కొత్త పన్ను విధానంలో ఉన్నారు. 2024 సెప్టెంబరు 30 ఆఖరి పనిదినం. టీమ్‌లో సగం పని వేరే దేశానికి వెళ్లింది, మిగతా సగం సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు.

ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో వచ్చినవి ఇవి: రెండు నెలల నోటీసు జీతం 5 లక్షలు. సెవరెన్స్, అంటే ఉద్యోగం తీసేటప్పుడు ఇచ్చే పరిహారం, సర్వీసులో ఏడాదికి ఒక నెల చొప్పున 20 లక్షలు. బేసిక్ లక్ష రూపాయల మీద గ్రాట్యుటీ 4,61,538. కొంత సెలవుల డబ్బు. గ్రాట్యుటీకి 20 లక్షల దాకా, సెలవుల డబ్బుకు 25 లక్షల దాకా మినహాయింపు పరిమితి ఉంది కాబట్టి ఈ రెండింటి మీదా పన్ను పడలేదు. పీఎఫ్‌ను ముట్టుకోవద్దని చెప్పాను, ముట్టుకోలేదు.

పన్ను పడేది ఆరు నెలల జీతం 15 లక్షలు, నోటీసు జీతం, సెవరెన్స్. అంతా కలిపి 40 లక్షలు.

మొదటి ఏడాది: ఉద్యోగం లేదు, పన్ను ఎక్కువ

ఉద్యోగం నిలబడి ఉంటే 2024-25లో ఆయన ఆదాయం 30 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీస్తే 29,25,000. ఆ ఏడాది స్లాబుల ప్రకారం సెస్సుతో కలిపి పన్ను 5,90,200.

ఉద్యోగం పోయిన లెక్కలో పన్ను పడే ఆదాయం 39,25,000. పన్ను 9,02,200.

అంటే ఆరు నెలలు ఖాళీగా కూర్చున్న ఏడాదిలో ఖజానాకు 3,12,000 ఎక్కువ కట్టారు. ఫారం 16 (జీతం మీద కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) చూసి ఆయన అడిగిన మాట ఇంకా గుర్తుంది. "సార్, జీతం ఉన్నప్పటికంటే లేనప్పుడు ఎక్కువ కట్టడమేంటి? ఎక్కడో తప్పు పడింది, ఒకసారి చూడండి." తప్పేమీ పడలేదు. ఆరు నెలల జీతం ఒక్కటే ఉంటే పన్ను 1,30,000 అయ్యేది. మిగతా 25 లక్షలు ఒకేసారి వచ్చి దాదాపు మొత్తం 30 శాతం స్లాబులో పడ్డాయి. ఆ 25 లక్షల్లో 7,72,200 పన్నుకే పోయాయి. ఉద్యోగం లేనన్నాళ్లూ ఇల్లు గడవడానికి ఇచ్చిన డబ్బులో మూడో వంతుకు కాస్త తక్కువ ఇంటికి చేరకముందే ఖజానాకు చేరింది.

చట్టంలో ఉపశమనం లేదా అంటే, పేరుకు రెండు ఉన్నాయి. రెండూ ప్రయత్నించాం.

మొదటిది సెక్షన్ 10(10బి). రిట్రెంచ్‌మెంట్, అంటే యజమాని తొలగించినప్పుడు ఇచ్చే పరిహారం మీద 5 లక్షల దాకా మినహాయింపు. కానీ అది అప్పటికి అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం వర్క్‌మన్ (కార్మికుడు) అయినవాళ్లకే. ఈయన హోదా అసిస్టెంట్ వైస్ ప్రెసిడెంట్. హోదా పేరు చూసి భయపడనక్కర్లేదు. విదేశీ బ్యాంకుల్లో ఆ పేరున్నవాళ్లలో చాలామంది కింద ఒక్క మనిషి కూడా ఉండడు. వర్క్‌మన్ అవునా కాదా తేల్చేది హోదా కాదు, చేసే పని స్వభావం. ఈయన రోజంతా చేసింది రిపోర్టులు తయారు చేయడం, అంకెలు సరిచూడడం. వాదించడానికి చోటుంది. అయితే హెచ్‌ఆర్ వాళ్లు సంతకం పెట్టించుకున్న కాగితం రిట్రెంచ్‌మెంట్ ఆర్డర్ కాదు. పరస్పర అంగీకారంతో విడిపోతున్నట్టు రాసుకున్న ఒప్పందం, దానికి జతగా ఒక రాజీనామా. తీసేసినట్టు కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఆ కాగితంతో 10(10బి) క్లెయిమ్ చేస్తే నోటీసు రావడం, దానికి సరైన జవాబు చెప్పలేకపోవడం ఖాయం. వద్దన్నాను. ఆ ఒక్క సంతకం విలువ 5 లక్షల మీద 31.2 శాతం, అంటే 1,56,000.

ఆ 5 లక్షల పరిమితి 1997 జనవరి నుంచి కదల్లేదన్న సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. సెలవుల డబ్బు పరిమితిని 2023లో 3 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. మంచి పనే. సర్వీసంతా చేసి దిగేవాడికి పెంచినట్టే, మధ్యలో దించేసినవాడికీ పెంచి ఉండాల్సింది.

రెండోది సెక్షన్ 89 కింద రిలీఫ్. ఫారం 10ఇ వేస్తే, పరిహారాన్ని గత మూడేళ్లకు మూడు సమాన వాటాలుగా పంచి, ఆ ఏళ్ల సగటు పన్ను రేటుతో పోల్చి తేడా ఉంటే తిరిగిస్తారు. ఆయన ఆ మూడేళ్లూ 30 శాతం స్లాబులోనే ఉన్నారు. ఈ ఏడాది సగటు రేటు 23 శాతానికి అటూ ఇటూ వస్తే, ఆ మూడేళ్ల సగటూ దాదాపు అక్కడే తేలింది. రిలీఫ్ మూడు వేల పైచిలుకు. తక్కువ జీతం నుంచి ఒక్కసారిగా పెద్ద మొత్తం అందుకున్నవాళ్లకు ఈ సెక్షన్ బాగా పనికొస్తుంది. ఈయనలాంటి వాళ్లకు దాదాపు సున్నా.

అందువల్ల కోతలు జరిగిన ఏడాది టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) వసూళ్లు చూసి "ఉద్యోగాలు పోయినా పన్ను తగ్గలేదే" అనుకోవడం ప్రమాదం. సెవరెన్స్ మీద వచ్చే పన్ను రాబోయే నెలల జీతం మీద రావాల్సిందే, ముందుగా వచ్చింది.

రెండో ఏడాది: జీతం 40 శాతం తగ్గితే పన్ను 68 శాతం తగ్గింది

తొమ్మిది నెలలు ఉద్యోగం దొరకలేదు. 2025 జులైలో మాదాపూర్‌లోని ఒక ఎన్‌బీఎఫ్‌సీలో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) నెలకు 1,50,000 జీతానికి చేరారు. 2025-26లో అందిన జీతం 13,50,000. డిడక్షన్ పోగా 12,75,000. పన్ను 74,100.

పాత ఉద్యోగమే ఉండి ఉంటే, 2025 బడ్జెట్ తగ్గించిన స్లాబులతో కూడా ఆ ఏడాది 4,75,800 కట్టేవారు. తేడా 4,01,700. మొదటి ఏడాది ఎక్కువ వచ్చిన 3,12,000 ఇక్కడ కరిగిపోయి, పైన మరో 89,700 నష్టం తేలింది.

అసలు విషయం ఆ తర్వాతి ఏళ్లది. కొత్త జీతం ఏడాది పొడవునా లెక్కేస్తే 18 లక్షలు. దాని మీద పన్ను 1,50,800. పాత జీతం మీద 4,75,800. అంటే ఆయనకు ఉద్యోగం దొరికింది, ఏ నిరుద్యోగ లెక్కలోనూ కనిపించరు, అయినా కేంద్రానికి ఏటా 3,25,000 తగ్గుతూనే ఉంటుంది. జీతం తగ్గింది 40 శాతం, పన్ను తగ్గింది 68 శాతం. స్లాబుల పద్ధతిలో పైమెట్టు మీది రూపాయి పోతే ఎక్కువ పన్ను పోతుంది. బ్యాంకు సెంటర్లలో జీతాలు పైమెట్టు మీదవే. అక్కడ బయటపడ్డవాళ్లు అదే జీతానికి మళ్లీ చేరడం నా క్లయింట్లలో అరుదుగానే చూస్తున్నాను. ఉద్యోగాల కోత వల్ల పన్ను నష్టాన్ని ఖాళీగా ఉన్న నెలలతో కొలిస్తే చాలా తక్కువ చూపిస్తుంది. తిరిగి చేరిన జీతంతో కొలవాలి.

రాష్ట్రానికి వందకు 86 పైసలు

హైదరాబాద్‌లో కట్టిన ఆదాయపు పన్ను తెలంగాణకు వస్తుందని చాలామంది అనుకుంటారు. బషీర్‌బాగ్‌లో ఆయకర్ భవన్ ఉంది కదా అని. ఆ డబ్బు కేంద్రానిది. అందులో సెస్సు, సర్‌చార్జి తీసేసి మిగిలిన దాంట్లో 41 శాతం రాష్ట్రాలన్నిటికీ పంచుతారు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు తెలంగాణకు నిర్ణయించిన వాటా ఆ 41 శాతంలో 2.102 శాతం. గుణిస్తే 0.86. ఆ లెక్కన మన దగ్గర వంద రూపాయల ఆదాయపు పన్ను పోతే తెలంగాణ ఖజానాకు నేరుగా తగ్గేది 86 పైసలు. ఆ సంఘం పంపిణీ సూత్రంలో పన్ను ఎక్కడ వసూలైందన్న దానికి చోటే లేదు. తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వడానికే అందులో 45 శాతం బరువు.

ఈ కేసుకు వర్తింపజేస్తే, ఏటా తగ్గే పన్నులో సెస్సు తీసేస్తే 3,12,500. తెలంగాణ వాటా 2,693 రూపాయలు. రాష్ట్రమే నేరుగా తీసుకునే వృత్తి పన్ను నెలకు 200, ఏడాదికి 2,400. తొమ్మిది నెలలకు పోయింది 1,800. మొదటి ఏడాది కేంద్రానికి అదనంగా వచ్చిన మొత్తంలో రాష్ట్రానికి దక్కిందీ ఆ రెండున్నర వేలకు దగ్గరే.

ఈ అంకెలు మాత్రమే చూస్తే నానక్‌రామ్‌గూడలో ఉద్యోగాలు పోవడం రాష్ట్ర బడ్జెట్‌కు పట్టించుకోనక్కర్లేని విషయం. అలా కాదని చెప్పడానికి ఆయన ఫ్లాట్ ఫైలు తెరవాలి.

తెల్లాపూర్ ఫ్లాట్

2022-23లో తెల్లాపూర్‌లో కడుతున్న ఒక టవర్‌లో కోటి రూపాయల ఫ్లాట్ బుక్ చేశారు. ఉద్యోగం పోయేనాటికి 45 లక్షలు కట్టారు. కడుతున్న ఇంటి మీద జీఎస్టీ 5 శాతం, అంటే మరో 2,25,000. మిగిలిన 55 లక్షలకు బ్యాంకు లోన్ విడతలు రావాలి. జీతం స్లిప్పు లేకపోతే తర్వాతి విడత విడుదల చేయబోమని లోన్ ఇచ్చిన బ్యాంకు చెప్పేసింది. 2025 జనవరిలో ఫ్లాట్ రద్దు చేసుకున్నారు. బిల్డర్ ఒప్పందం ప్రకారం 3 లక్షలు పట్టుకుని 42 లక్షలు వెనక్కిచ్చాడు. జీఎస్టీ సంగతి అడిగితే "అది గవర్నమెంట్‌కు కట్టేశాం, మాకు సంబంధం లేదు" అన్నారు.

ఈ జవాబు చాలామంది బిల్డర్ల ఆఫీసుల్లో వినిపిస్తుంది. చాలామంది కొనుగోలుదారులు నమ్మి వదిలేస్తారు కూడా. నమ్మొద్దు. రద్దయిన ఆర్థిక సంవత్సరంలోని విడతలకు బిల్డర్ క్రెడిట్ నోట్ (పాత ఇన్వాయిస్ మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే కాగితం) ఇచ్చి, తన పన్ను సర్దుకుని మనకు తిరిగివ్వొచ్చు. పాత ఏళ్ల విడతలకు క్రెడిట్ నోట్ గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30. ఈయన 2022-23, 2023-24 విడతలకు ఆ గడువు దాటిపోయింది. అలాంటప్పుడు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారే నేరుగా రీఫండ్ అడగొచ్చని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 డిసెంబరులో 188వ నంబర్ సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. బిల్డర్ నుంచి రద్దు లేఖ అందిన రోజు నుంచి రెండేళ్ల సమయం ఉంటుంది.

పని ఎలా జరుగుతుందో చెబుతాను, ఇది చాలామందికి ఉపయోగం. పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. బిల్డర్ ఏ రాష్ట్రంలో రిజిస్టరై ఉన్నాడో ఆ రాష్ట్రమే ఎంచుకోవాలి. ఆధార్ ధ్రువీకరణ, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా. ఆ తర్వాత ఆర్‌ఎఫ్‌డీ-01 ఫారంలో రిజిస్ట్రేషన్ లేనివాళ్ల విభాగం కింద దరఖాస్తు. ప్రతి విడత ఇన్వాయిస్, చెల్లింపు రుజువు, రద్దు లేఖ జతచేయాలి. వీటన్నిటికంటే ముఖ్యమైన కాగితం బిల్డర్ ఇచ్చే సర్టిఫికెట్. ఈ ఇన్వాయిస్‌ల పన్ను ప్రభుత్వానికి కట్టాం, క్రెడిట్ నోట్‌తో గానీ మరోలా గానీ సర్దుకోలేదు అని రాసివ్వాలి. ఆ కాగితం కోసం తిరగడమే అసలు పని. అకౌంట్స్ మేనేజర్ లీగల్‌ను అడగమంటాడు, లీగల్ వాళ్లు సీఎఫ్‌ఓ సంతకం కావాలంటారు. సర్టిఫికెట్ నమూనా మేమే టైప్ చేసి, సర్క్యులర్‌లోని పేరాను హైలైట్ చేసి జతపెట్టి పంపితే గానీ కదల్లేదు. తిరిగొచ్చిన 42 లక్షలకు తగిన జీఎస్టీ 2,10,000. కొంత బిల్డర్ క్రెడిట్ నోట్ ద్వారా, మిగతాది రీఫండ్‌గా వచ్చింది.

ఇప్పుడు ఖజానా వైపు నుంచి చూడండి. ఇది రావాల్సిన పన్ను ఆగడం కాదు, వచ్చి జమైన పన్ను వెనక్కి వెళ్లడం. 2,10,000లో సగం, అంటే 1,05,000 రాష్ట్ర జీఎస్టీ. మిగతా 55 లక్షల మీద రావాల్సిన 2,75,000లో రాష్ట్రం సగం 1,37,500. ఇల్లు పూర్తయ్యాక రిజిస్ట్రేషన్‌కు తెలంగాణలో 7.5 శాతం: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం. కోటి మీద 7,50,000. అందులో ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1,50,000 స్థానిక సంస్థకు చేరాల్సిన డబ్బు. అన్నీ కలిపితే ఒక్క ఫ్లాట్ రద్దుతో రాష్ట్రం వైపు 9,92,500. ఆయన కట్టే వృత్తి పన్నుతో అంత పూడ్చాలంటే నాలుగు వందల ఏళ్లకు పైనే పడుతుంది.

ఆ ఫ్లాట్ ఇంకొకరు కొంటారు కదా, పన్ను అప్పుడు వస్తుంది కదా అని ఒక అభ్యంతరం. న్యాయమైన అభ్యంతరమే. కొన్నప్పుడు వస్తుంది. కానీ ఎప్పుడు కొంటారన్నదే ప్రశ్న. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, నల్లగండ్ల వైపు కోటి దాటిన ఫ్లాట్లు కొనేవాళ్లలో ఈ సెంటర్లలో పనిచేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఒక టీమ్ పోతే ఆ టీమ్‌లోవాళ్లే కాదు, పక్క టీమ్‌వాళ్లు కూడా బుకింగ్ వాయిదా వేసుకుంటారు. ఉద్యోగం భద్రంగా ఉన్నవాడి భయం కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసు ఆదాయాన్ని తగ్గిస్తుంది. నా దగ్గరికి ఇంటి లోన్ కోసం రిటర్ను కాపీలు అడగడానికి వచ్చేవాళ్లు కోతల వార్తలొచ్చిన నెలల్లో తగ్గిపోవడం నేను కళ్లారా చూస్తున్నదే.

ఇంటి ఖర్చు సంగతి క్లుప్తంగా. ఆయన భార్య నెలవారీ లెక్క రాస్తారు, అది చూపించారు. నెలకు 1,20,000 ఖర్చు 75,000కు దిగింది. తగ్గిన 45,000లో పనిమనిషి, ట్యూషన్ లాంటి జీఎస్టీ లేనివి తీసేస్తే సుమారు 30,000 పన్ను పడే ఖర్చు. హోటళ్లు, బట్టలు, విమాన టికెట్లు, జిమ్. ఎంత తక్కువ వేసుకున్నా, అన్నిటికీ 5 శాతమే అనుకున్నా, నెలకు 1,500 జీఎస్టీ, రాష్ట్రానికి సగం. పెట్రోలు నెలకు 80 లీటర్ల నుంచి 30కి వచ్చింది. ఆఫీసు లేదు కాబట్టి కారు కదల్లేదు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, లీటరుకు 28 రూపాయల దాకా. 50 లీటర్లకు నెలకు 1,400. వృత్తి పన్ను ఏడు నెలల్లో ఎంత వస్తుందో, కారు ఆగడం వల్ల ఒక్క నెలలో అంత పోయింది.

మిగిలిన జీతం ఎటు పోయింది

ఇప్పటిదాకా చూసింది ఉద్యోగి వైపు. బ్యాంకుకు మిగిలిన 30 లక్షలు ఎక్కడికో వెళ్లాలి, అక్కడ ఎవరో పన్ను వేస్తారు. ఈ వైపు చూడకుండా నష్టం తేలదు. విదేశీ బ్యాంకు సెంటర్‌కూ, మన బ్యాంకుకూ తేడా ఇక్కడ భూమ్యాకాశాలంత.

సెంటర్ మాతృసంస్థకు సేవలమ్ముతుంది. అయిన ఖర్చు, దాని మీద కొంత మార్జిన్ కలిపి బిల్లు వేస్తుంది. మన దేశంలో దాని లాభమంటే ఆ మార్జినే. మార్జిన్ 15 శాతం అనుకుందాం. 30 లక్షల జీతం మీద మార్జిన్ 4,50,000, దాని మీద కంపెనీ పన్ను 25.168 శాతం చొప్పున 1,13,256. సీటు పోతే ఖర్చు తగ్గుతుంది, ఖర్చుతో పాటు మార్జిన్ తగ్గుతుంది, దాంతో పాటు కంపెనీ పన్నూ తగ్గుతుంది. మిగిలిన 30 లక్షలు లాభంగా తేలేది మాతృసంస్థ పుస్తకాల్లో. అది అమెరికా బ్యాంకైతే అక్కడి ఫెడరల్ పన్ను 21 శాతం వాళ్ల ఖజానాకు. ఉద్యోగి పన్నూ పోయింది, కంపెనీ పన్నూ పోయింది. పొదుపు మీది పన్ను సముద్రం అవతల. ఇందులో జీఎస్టీ నష్టం మాత్రం లేదు. ఎగుమతి సేవల మీద జీఎస్టీ సున్నా కాబట్టి ఆ సెంటర్ కట్టేదేమీ లేదు.

అదే లాభాల్లో ఉన్న మన దేశపు బ్యాంకు 30 లక్షల ఉద్యోగిని తీసేస్తే? జీతం ఖర్చు తగ్గి లాభం 30 లక్షలు పెరుగుతుంది. దాని మీద కంపెనీ పన్ను 7,55,040. పోయిన ఆదాయపు పన్ను 4,75,800. ప్రత్యక్ష పన్నుల వరకే చూస్తే కేంద్రానికి 2,79,240 ఎక్కువే వస్తుంది. కింది మెట్టు ఇంకా విచిత్రం. 9 లక్షల జీతమున్న గుమాస్తా కొత్త విధానంలో ఆదాయపు పన్ను ఒక్క రూపాయి కట్టడు. ఆ ఉద్యోగం తీసేస్తే ఆదాయపు పన్ను శాఖకు పోయేది సున్నా, బ్యాంకు లాభం మీద వచ్చేది 2,26,512. పొదుపైన డబ్బును బ్యాంకు సాఫ్ట్‌వేర్ మీదో, బయటి ఏజెన్సీ మీదో ఖర్చు చేస్తే ఈ లెక్క మారుతుంది. వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇస్తే ఇంకో మెలిక. ఉద్యోగికి 10(10సి) కింద 5 లక్షల మినహాయింపు, బ్యాంకు ఆ ఖర్చును సెక్షన్ 35డిడిఎ కింద ఏడాదికి ఐదో వంతు చొప్పున ఐదేళ్లలో రాసుకోవాలి.

ఈ అంకెలు చూపించి ఉద్యోగాల కోత ఖజానాకు మంచిదని ఎవరైనా వాదిస్తే నేను గట్టిగా కాదంటాను. కంపెనీ పన్నుగా కేంద్రానికి ఎక్కువ వచ్చిన ప్రతి వంద రూపాయల్లోనూ తెలంగాణకు దక్కేది ఆ 86 పైసల లెక్కే. ఇక్కడ ఆగిపోయిన కొనుగోళ్లు, రిజిస్ట్రేషన్లు, పెట్రోలు, గౌలిదొడ్డిలో ఖాళీ అయిన హాస్టల్ గదులు, ఆఫీసు క్యాబులు నడిపే డ్రైవర్ల ట్రిప్పులు, వీటి బరువు పూర్తిగా ఈ ఊరి మీదే. హైదరాబాద్ ఇది ముందే చూసింది. గన్‌ఫౌండ్రీలో ప్రధాన కార్యాలయం ఉన్న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, సైఫాబాద్ నుంచి నడిచిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి. కంపెనీ పన్ను లెక్కలు ముంబయికి వెళ్లినందువల్ల పంపిణీలో తెలంగాణ వాటా ఏమీ మారలేదు. హెడ్డాఫీసు చుట్టూ బతికిన ఆడిటర్లు, లాయర్లు, ప్రింటింగ్ ప్రెస్సులు, క్యాంటీన్ కాంట్రాక్టర్లకు పని తగ్గింది. మా వృత్తిలో ఆ తేడా తెలియనివాళ్లు లేరు.

ఈ కేసు తర్వాత

సెంటర్లలో పనిచేసే క్లయింట్లకు ఇప్పుడు రెండు మాటలు ముందే చెబుతున్నాను. విడిపోయే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు అందులో రాజీనామా అని ఉందా, రిట్రెంచ్‌మెంట్ అని ఉందా చదివించుకోండి. పని స్వభావం వర్క్‌మన్‌దైతే ఆ పదం కోసం పట్టుబట్టండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తీసేస్తుంటే సెవరెన్స్ చెల్లించాల్సిన తేదీని ఏప్రిల్ 1 తర్వాతకు ఒప్పందంలోనే రాయించగలరేమో అడగండి. డబ్బు ఏప్రిల్‌లో చేతికొస్తే సరిపోదు. జీతం కింద వచ్చేవాటికి చెల్లించాల్సిన తేదీ, అందిన తేదీల్లో ఏది ముందైతే ఆ ఏడాదే పన్ను పడుతుంది.

ప్రభుత్వాలను అడగాల్సినవీ ఉన్నాయి. కేంద్రం 10(10బి) పరిమితిని సెలవుల డబ్బుతో సమానంగా 25 లక్షలకు పెంచి, వర్క్‌మన్ షరతు తీసేయాలి. ఈ కేసులో సెవరెన్స్ 20 లక్షలకూ అలా పూర్తి మినహాయింపు దొరికి ఉంటే మొదటి ఏడాది ఆ కుటుంబం చేతిలో మరో 6,24,000 మిగిలేవి, ఫ్లాట్ విడతలు కొన్నాళ్లు ఆగకుండా సాగేవి. రాష్ట్రం చేయాల్సింది దానికంటే సులువు. ఏ సెంటర్‌లో ఎంతమంది తగ్గారో వృత్తి పన్ను రిటర్నుల్లో నెలనెలా కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే యజమాని జీతం శ్రేణి వారీగా ఉద్యోగుల సంఖ్య చూపించి కడతాడు. నెలకు 200 రూపాయల పన్ను కాబట్టి ఆ రిటర్నులను ఎవరూ పట్టించుకోరు. శేరిలింగంపల్లి, గండిపేట వైపు రిజిస్ట్రేషన్ ఆదాయం అంచనా వేసేవాళ్లు ముందుగా తెరవాల్సిన ఫైలు అదే.

క్లయింట్ విషయానికొస్తే, 2025-26 రిటర్ను లెక్క సిద్ధంగా ఉంది. టీడీఎస్ సరిపోయింది, కట్టాల్సిందేమీ లేదు. తెల్లాపూర్ నుంచి తిరిగొచ్చిన డబ్బులో లోన్ బాకీ తీరిపోగా మిగిలింది ఖమ్మంలో అమ్మానాన్నల ఇంటి మీదున్న అప్పుకు కట్టేశారు. ఇల్లు కొనే ఆలోచన ఎప్పుడని అడిగితే, ఎన్‌బీఎఫ్‌సీలో రెండేళ్లు పూర్తయ్యాక చూద్దాం సార్ అన్నారు.